అమ్మ అడిగిన అబ్బాయి సంగతి

నార్‌ఫోక్, వర్జీనియా
జులై 8, 2012

అమ్మా,

నాన్నగారికీ తాతయ్యకీ నమస్కారాలు. రమక్కకి మాత్రం లేవు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నువ్వు పంపిన డబ్బా భద్రంగా చేరింది. తెచ్చిన కుర్రాడిది తణుకు. వాళ్ళమ్మ పెట్టిన సున్నుండలు తీసేసి మరీ మన పచ్చళ్ళకి చోటిచ్చాడట, వాడి రుణం ఎలా తీర్చుకోవాలో తెలీడం లేదు. ఆవకాయ చుక్క కారలేదు. మాగాయ కొంచెం కారింది, ఆ కారిందంతా నీ ఉత్తరమే పీల్చుకుంది. నూనె మరకల్లోంచి కూడబలుక్కుని చదివాను. మొదటి రెండు పేజీలూ ఎప్పుడూ ఉండేవే. మూడో పేజీలో కింద గీత గీసి మరీ రాశావు: "ఆ కోరీ ఎవరు? అయిదడుగుల ఎనిమిదంగుళాలేనట. ఎనిమిదో ఏటినుంచే షుగరట. రెండేళ్ళ కాంట్రాక్టట. అదైనా పైకి వెళ్తేనే సరైన జీతమట. అన్నీ తెలిసే ఉన్నావా? మీ నాన్నగారు మజ్జిగన్నం తప్ప ముట్టడం లేదు."

అమ్మా, నువ్వు రాసిన వివరాలన్నీ నిజమే. ఎత్తుతో సహా. తేడా అల్లా ఒక్కటే, నేనొకదాన్ని ఉన్నానని ఆ అబ్బాయికి తెలీదు. అతను కింద ఐసు మీద హాకీ ఆడతాడు, నేను చౌక టికెట్టు కొనుక్కుని చూరు కింద వరసలో కూర్చుంటాను. మా మధ్య ఒక అద్దాల గోడా, కొన్ని వేలమంది జనమూ ఉంటారు. ఆదివారం ఫోన్లో నేను రమక్కకి చెప్పింది ఆటగాడి సంగతి. మధ్యలో మీకు కరెంటు పోయింది, ఫోను కట్టయింది. రమక్క విన్న సగానికి తన సొంత సగం కలిపి నీకు అందించింది. అందుకే దానికి నమస్కారాలు లేవు. నాన్నగారికి వెంటనే అన్నం పెట్టు, చారుతో కాదు, కూరతో.

మళ్ళీ ఫోన్లో చెబితే మళ్ళీ కరెంటు పోతుంది. అందుకని మొదటినుంచీ కాగితం మీదే రాస్తున్నాను. ఆషాఢంలో ఎలాగూ పెళ్ళిమాటలు మాట్లాడవు కాబట్టి తీరిగ్గా చదువుకో.

ముందు ఆట. ఇది నాన్నగారు రేడియోకి చెవి ఆనించి విన్న 1975 కౌలాలంపూర్ హాకీ కాదు. గడ్డి ఉండదు, బంతి ఉండదు. కాళ్ళకి కత్తులు కట్టుకుని ఐసు మీద జారుతూ, అరిసె అంత రబ్బరు బిళ్ళని కర్రలతో తోసుకుంటూ ఆడతారు. జట్టుకి అయిదుగురు, వెనకాల ఒక గోలీ. ఒక్కొక్కటీ ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. నాకు జలుబు చేస్తుందని నువ్వు భయపడే మంచు ఇది కాదు, ఇదంతా హాల్లోనే. ఆ హాలు పేరు స్కోప్. 1971లో కట్టారు, పైకప్పు గుండ్రంగా పెద్ద గుమ్మటంలా ఉంటుంది. ఏప్రిల్లో బయట చెమటలు పడుతుంటే లోపల స్వెట్టరు వేసుకుని కూర్చుంటాం. నన్ను తీసుకెళ్ళింది ఆఫీసులో నా పక్క సీటావిడ. నేవీలో చేసి రిటైరై ఇప్పుడు మాతో లెక్కలు చూస్తోంది. భర్తకి ఆట పడదు, రెండో టికెట్టు వృథా అవుతోందని నన్ను లాక్కుపోయింది. ఇప్పుడు టికెట్టు వృథా కావడం లేదు, నా శనివారాలు అవుతున్నాయి.

ఇక నిన్ను భయపెట్టిన "పైకి, కిందికి" వ్యవహారం. ఇది అర్థం చేసుకోవడానికి నాకే ఒక శీతాకాలం పట్టింది. నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకో, కాగితం పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ హాకీకి మూడంతస్తులు. పై అంతస్తు నేషనల్ హాకీ లీగ్. ముప్పై జట్లు. టీవీలో వచ్చేదీ, డబ్బు ప్రవహించేదీ అక్కడే. అందరికన్నా తక్కువ జీతం పుచ్చుకునే ఆటగాడికి కూడా పోయిన సీజనులో ఏడాదికి 5,25,000 డాలర్లు. నాన్నగారూ, రూపాయల్లోకి మార్చకండి, మీకు మంచిది కాదు. దాని కింద అమెరికన్ హాకీ లీగ్, 1936 నుంచీ ఉంది. ఇందులోనూ ముప్పై జట్లే. ఆ కిందది ఈసీహెచ్ఎల్. అక్కడ జీతాలు తక్కువ, బస్సు ప్రయాణాలు ఎక్కువ.

పైన ఉన్న ప్రతి జట్టుకీ రెండో అంతస్తులో ఒక అనుబంధ జట్టు ఉంటుంది. ఫ్లోరిడాలో టాంపా బే లైట్నింగ్ అనే పై జట్టు ఉంది. దాని కింది జట్టు మా ఊరి నార్‌ఫోక్ అడ్మిరల్స్. మేం పెంచి పెద్దచేస్తాం, వాళ్ళు పట్టుకెళ్ళి ఆడించుకుంటారు. పై లీగులో ఆడేవాళ్ళలో పదికి దాదాపు తొమ్మిదిమంది ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండో అంతస్తులో ఆడి వెళ్ళినవాళ్ళే. దాంతో ఇక్కడి అభిమానులకి ఒక తీరని ధర్మసంకటం. పైవాడి మోకాలు బెణికితే చాలు, మా వాళ్ళలో బాగా ఆడేవాడికి రాత్రికి రాత్రి ఫోనొస్తుంది, తెల్లారేసరికి విమానమెక్కేస్తాడు. వాడు బాగుపడాలని కోరుకోవాలా, ఇక్కడే కళ్ళముందు ఉండాలని కోరుకోవాలా? ఈ ముక్క నీకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

సరే, ఈ భవనంలోకి ప్రవేశం ఎలాగంటే, డ్రాఫ్టు. ఏటా జూన్‌లో ముప్పై జట్ల పెద్దలూ ఒక హాల్లో చేరి, పద్దెనిమిదేళ్ళు నిండుతున్న కుర్రాళ్ళని ఒక్కొక్కరినే పేరుపెట్టి ఎంచుకుంటారు. ఏడు రౌండ్లు, రెండువందల పైచిలుకు పేర్లు. పేరు పిలిస్తే ఉద్యోగం వచ్చిందని కాదు. ఈ కుర్రాడి మీద హక్కు మాది, మిగతావాళ్ళు చెయ్యి వెయ్యకండి అని మాత్రమే. మా అడ్మిరల్స్‌లో ఒండ్రెయ్ పలాట్ అని చెక్ దేశపు కుర్రాడున్నాడు. 2011లో అతన్ని 208వ పేరుగా పిలిచారు. అప్పటికి హాల్లో కుర్చీలు మడతపెడుతూ ఉండాలి. అయినా పిలిచారు. కోరీ కొనాకర్‌ని ఏ ఏడాదీ ఎవరూ పిలవలేదు. ముప్పై జట్లు, ఏడు రౌండ్లు, పొట్టివాడని ఒకరు, షుగరని ఒకరు, కారణం చెప్పకుండా మిగతావాళ్ళూ. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, పిలవకపోతే చాలు.

తర్వాత కాంట్రాక్టులు. అమ్మా, ఇక్కడే నువ్వు దెబ్బతిన్నావు. కాంట్రాక్టులు రెండు రకాలు. మొదటిది కింది జట్టుతో మాత్రమే. దాని మీద ఎంత బాగా ఆడినా పైకి పిలవడానికి వీల్లేదు, పైవాళ్ళు కొత్తగా సంతకం పెట్టించుకోవాలి. రెండోది పై జట్టుతో, దాన్ని టూ-వే అంటారు. ఆ కాగితం మీద రెండు జీతాలుంటాయి. పైన ఉన్న రోజుకి పై జీతం, కింద ఉన్న రోజుకి కింది జీతం. రోజులు లెక్కపెట్టి ఇస్తారు. మంగళవారం పైన ఉండి బుధవారం కిందికి వస్తే, బుధవారం నుంచి కింది రేటు. రమక్క "పైకి వెళ్తేనే జీతం" అన్నది ఇదే. ఉత్తినే ఆడించుకోవడం లేదు, అతనికి అన్నానికి లోటు లేదు.

"రెండేళ్ళే" అన్నది మరీ అన్యాయం. పై జట్టుతో మొదటిసారి పెట్టే సంతకానికి గడువు వయసుని బట్టి ఉంటుంది. ఇరవై ఒకటి లోపు అయితే మూడేళ్ళు. ఇరవై రెండు, ఇరవై మూడుకి రెండేళ్ళు. ఇరవై నాలుగుకి ఒక్క ఏడాది. కోరీ 1989 డిసెంబరులో పుట్టాడు. సంతకం పెట్టింది మొన్న మార్చి ఒకటిన. అంటే ఇరవై రెండు. అంటే రెండేళ్ళు. అతని మీద నమ్మకం లేక పెట్టిన గడువు కాదది. జాతకం చూపించడానికి పుట్టినతేదీ కావాలని నువ్వు అడగకముందే ఇచ్చేశాను, జాగ్రత్త, ఎవరికీ చూపించకు.

ఇప్పుడు వేవర్స్. కాస్త అనుభవం వచ్చిన ఆటగాణ్ణి పైనుంచి కిందికి దింపాలంటే ఊరికే దింపెయ్యడానికి లేదు. ముందు మిగతా ఇరవై తొమ్మిది జట్లకీ చెప్పాలి. ఇరవై నాలుగు గంటల్లో ఎవరైనా కావాలంటే వాళ్ళు పట్టుకుపోవచ్చు. ఇద్దరు ముగ్గురు అడిగితే, వాళ్ళలో పట్టికలో అడుగున ఉన్నవాళ్ళది ముందు హక్కు. ఎవరూ అడక్కపోతే అప్పుడు కిందికి. కథ అయిపోలేదు. కింద ఎక్కువ జీతం పుచ్చుకుంటున్నవాణ్ణి మళ్ళీ పైకి పిలవాలంటే మళ్ళీ అందరికీ చెప్పాలి! ఈసారి ఎవరైనా తీసుకుంటే జీతంలో సగం కొత్తవాళ్ళు ఇస్తారు, మిగతా సగం పాతవాళ్ళే కట్టుకుంటారు, మనిషి మాత్రం కొత్తవాళ్ళకి ఆడతాడు. తాతయ్యా, మీరు మున్సబు కోర్టులో అన్నేళ్ళు గుమాస్తాగా చేశారు కదా, ఇలాంటి తీర్పు ఎక్కడైనా విన్నారా?

కుర్రాళ్ళకి మొదటి కొన్నేళ్ళూ ఈ వేవర్స్ బెడద లేదు, ఎన్నిసార్లయినా పైకీ కిందికీ తిప్పొచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. నిజానికి అదే వాళ్ళ నెత్తిన కూర్చుంటుంది. ఇద్దరు సమానంగా ఆడుతున్నారనుకో, ఒకణ్ణి దింపితే వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారు, ఇంకొకణ్ణి దింపితే ఏ నష్టమూ లేదు. ఎవర్ని దింపుతారు? తేలిగ్గా తిప్పగలిగినవాణ్ణే. కోరీ ఆ లెక్కలోకే వస్తాడు.

వీటన్నిటి మీదా ట్రేడ్. అంటే ఆటగాణ్ణి అడక్కుండానే రెండు జట్లు ఇచ్చి పుచ్చుకోవడం. నాన్నగారికి ఆచంట బదిలీ అయినప్పుడు నెల ముందు ఆర్డరొచ్చింది, అయినా మనింట్లో నువ్వు పెట్టిన ఏడుపుకి వీధంతా వచ్చింది. ఇక్కడ మధ్యాహ్నం చెబుతారు, రాత్రి ఆట ఇంకో ఊళ్ళో.

ఇక ఈ కుర్రాడి కథ. ఊరు కెనడాలో ఒంటారియో రాష్ట్రం, బర్లింగ్టన్. డ్రాఫ్టులో ఎవరూ పిలవకపోయేసరికి బఫెలోలో కనీషియస్ అనే చిన్న కాలేజీలో చేరి ఆడాడు. అక్కడి హాకీ లెక్కల్లో అతన్ని మించినవాడు లేడు. కానీ కాలేజీ చిన్నది, చూసేవాళ్ళూ తక్కువ. చదువైపోయాక 2011 వసంతంలో రోచెస్టర్‌లో కొన్ని ఆటలు, సిన్సినాటిలో కొన్ని, మిల్వాకీలో కొన్ని. ఎవరూ ఉంచుకోలేదు. ఆ వేసవిలో నార్‌ఫోక్ వాళ్ళు మొదటి రకం కాంట్రాక్టు, అదే, పైకి దారి లేనిది, చేతిలో పెట్టారు. జట్టులో ఖాళీ నింపడానికి ఒక మనిషి, అంతే.

ఆ మనిషి 75 ఆటల్లో 39 గోల్స్ కొట్టాడు. లీగు మొత్తంలో అతని కంటే ఎక్కువ ఎవరికీ లేవు. ఇంకో 41 గోల్స్‌కి పాసు అందించాడు. ఇక్కడ గోలుకీ ఒక పాయింటే, అందించినందుకూ ఒక పాయింటే, మొత్తం 80. సీజను మధ్యలోనే టాంపా వాళ్ళు కంగారుపడి రెండో రకం కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏప్రిల్లో కొత్త ఆటగాళ్ళలో మేటి అన్న బహుమతీ, లీగు మొత్తానికి మేటి అన్న బహుమతీ రెండూ అతనికే ఇచ్చారు. జట్టు సంగతి చెప్పాలా? ఫిబ్రవరి పది నుంచి సీజను చివరి రోజుదాకా ఒక్క ఆటా ఓడలేదు. వరసగా 28 గెలుపులు. అంతకుముందు ఈ లీగులో రికార్డు 17, పై లీగులో కూడా 17. జూన్‌లో ఫైనల్లో టొరంటో మార్లీస్‌ని నాలుగుకి నాలుగు ఆటల్లోనూ ఓడించి కాల్డర్ కప్పు పట్టుకొచ్చారు. కోచ్ జాన్ కూపర్ వృత్తికి లాయరు. కోర్టులో పేదవాళ్ళ తరఫున వాదిస్తూ వాదిస్తూ ప్రాక్టీసు మానేసి హాకీలోకి వచ్చాడు. ఇది చిన్నాన్నకి చెప్పకండి, చంటిగాడు లా కాలేజీ మానేస్తానంటాడు.

ఇంకో వింత. ఈ ఏడు మేం ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే ఓడించిన మాంచెస్టర్ జట్టుకి పై జట్టు లాస్ ఏంజెలెస్ కింగ్స్. ఆ కింగ్సే పైన స్టాన్లీ కప్పు గెలిచారు. మా పైనున్న టాంపా వాళ్ళు ప్లేఆఫ్స్‌కే చేరలేదు. కింద కప్పు వస్తే పైన కడుపు నిండదని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇతను పైకి వెళ్తాడా? వెళ్తే నిలుస్తాడా? నా పక్క సీటావిడ ఈ విషయంలో కఠినురాలు. ఒక సీజను గోల్స్ చూసి పిల్లనివ్వకూడదంటుంది (ఈ మాట ఆవిడ అనలేదు, నేనే నీకోసం కల్పించాను). ఆవిడ చెప్పేదేమంటే, గోల్స్‌లో అదృష్టం పాలు ఎక్కువ. ఒక ఏడాది బిళ్ళ ఎటు తోసినా వలలో పడుతుంది, మరుసటి ఏడాది అదే చెయ్యి, అదే కర్ర, బిళ్ళ మాత్రం స్తంభానికి తగిలి వెనక్కొస్తుంది. పోయినేడు ఈ లీగులో ఎక్కువ గోల్స్ కొట్టినవాడు కాలిన్ మెక్‌డొనాల్డ్, 42. ఈ ఏడు అందులో సగం కూడా లేవు. 2008-09లో అలెగ్జాండర్ జిరూ అనే ఆయన హెర్షీ జట్టుకి 60 కొట్టాడు, మరుసటి ఏడు ఇంకో 50. ఆయనకి పై లీగులో ఇప్పటిదాకా మొత్తం కలిపి యాభై ఆటలు కూడా దక్కలేదు. ఈ ఏడు పాయింట్లలో మొదటివాడు క్రిస్ బూర్క్, 93. తండ్రి రే బూర్క్ పై లీగులో మహామహుడు. కొడుకు ఇంకా రెండో అంతస్తులోనే. కింద కురిపించిన గోల్స్ పైకి వెంట రావు. పైన గోలీలు వేరు, అడ్డుపడేవాళ్ళు వేరు, పైగా జట్టు వంతులవారీగా దింపే వరసల్లో మొదటివాటిలో స్థలాలు నిండి ఉంటాయి కాబట్టి గోల్స్ కొట్టడమే పనిగా వచ్చినవాణ్ణి నాలుగో వరసలో నిమిషాలు లెక్కపెట్టి వదులుతారు. అక్కడ గోల్స్ పడవు. గోల్స్ పడకపోతే కిందికి.

ఆవిడ లెక్క తప్పని నేననను. కానీ నేను చూసింది కూడా చెప్పాలి. ప్లేఆఫ్స్‌లో కోరీ గోల్స్ ఎండిపోయాయి. అప్పుడతను ఇంకా బాగా కనిపించాడు. బిళ్ళ మూలకి పోతే తనకన్నా అడుగు ఎత్తున్నవాళ్ళ మధ్యకి దూరి లాక్కొచ్చేవాడు, పక్కవాడికి అందించేవాడు, గోలీ ముఖం ముందు నిలబడి దెబ్బలు తినేవాడు. కోపం కూడా ఎక్కువే, శిక్ష పడితే కూర్చోబెట్టే పెట్టెలో చాలాసార్లు కూర్చున్నాడు. గోల్స్ ఆగిన రోజున కూడా కోచ్ అతన్ని కూర్చోబెట్టలేదంటే, అదృష్టం పోయినా చేతిలో ఇంకేదో మిగిలిందనే కదా. జిరూకి ఆ మిగిలేది ఉందో లేదో నేను చూడలేదు కాబట్టి పోల్చను.

పైగా అతను వెళ్ళబోయే ఇంట్లోనే ఒక సాక్ష్యం కూర్చుని ఉంది. టాంపాలో మార్టిన్ సాన్ లూయీ అని ఒకాయన, మొన్ననే ముప్పై ఏడు నిండాయి. ఎత్తు అయిదడుగుల ఎనిమిది. ఆయన్నీ డ్రాఫ్టులో ఎవరూ పిలవలేదు. కాల్గరీ వాళ్ళు ఉంచుకోలేక వదిలేశారు. 2000లో టాంపాకొచ్చి, 2003-04లో పై లీగు మొత్తానికి పాయింట్లలో మొదటివాడై, మేటి ఆటగాడై, అదే ఏడు స్టాన్లీ కప్పు కూడా ఎత్తాడు. అయితే పొట్టివాళ్ళంతా సాన్ లూయీలు కారు. ప్రతి ఏటా ఎవరో ఒక పొట్టి కుర్రాణ్ణి చూపించి "ఇంకో సాన్ లూయీ" అంటారట, ఆ పేరు మోసినవాళ్ళలో చాలామంది ఎటుపోయారో ఎవరికీ గుర్తులేదు.

నన్నడిగితే కోరీ పైకి వెళ్తాడు. మొదట్లో అదరగొడతాడు కూడా, కొత్తవాణ్ణి ఎలా ఆపాలో వాళ్ళకి తెలిసేదాకా. ఆ తర్వాత ఏమవుతుందన్నది అతని కాళ్ళకన్నా పై జట్టు అవసరాల మీదే ఎక్కువ ఉంది. వాళ్ళకి గోలీ కావాలనో, డిఫెన్సు కావాలనో అనిపించిన రోజున, బాగా ఆడుతున్న చవక జీతం కుర్రాడే చేతిలో ఉన్న మంచి సరుకు. బాగా ఆడటమే బదిలీకి కారణం అవుతుందన్నమాట. అసలు ముందు సీజను మొదలవ్వాలి. ఆటగాళ్ళకీ యజమానులకీ ఉన్న ఒప్పందం సెప్టెంబరు 15తో ముగుస్తోంది. తెగకపోతే తలుపులకి తాళం. 2004-05లో ఇలాగే మొత్తం సీజను రద్దయింది. ఎవరూ పిలవని కుర్రాడు ఇన్నాళ్ళకి మెట్టెక్కబోతుంటే, పైన భవనానికే తాళం వేసేలా ఉన్నారు.

షుగరు సంగతి కూడా రాస్తాను, నీకు నిద్ర పట్టదు. అతనిది నాన్నగారిలా నడివయసులో వచ్చింది కాదు. టైప్ 1, ఇన్సులిన్ లేకుండా ఒక్కరోజు గడవదు. ఆట ఉన్న రోజున మాటిమాటికీ రక్తం చుక్క తీసి చూసుకుంటాడు. అయినా ఆడతాడు. అతనికన్నా ముందు బాబీ క్లార్క్ అని ఒకాయన ఉండేవాడు, అదే జబ్బు. 1969లో ఆ కారణం చేతనే జట్లు వెనకాడితే ఫిలడెల్ఫియా వాళ్ళు రెండో రౌండులో తీసుకున్నారు. ఆయన కెప్టెనుగా 1974లో, 1975లో రెండుసార్లు స్టాన్లీ కప్పు గెలిచారు. ఈ పేరా నాన్నగారికి గట్టిగా చదివి వినిపించు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మాకు తగిలింది. కప్పు గెలిచిన ఊరు కదా, ఇంక పండగే అనుకున్నాం. టాంపా వాళ్ళు తమ కుర్రాళ్ళని న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూజ్ జట్టుకి మార్చేస్తున్నారు. అక్కడ ఇన్నాళ్ళూ ఉన్న అనహైమ్ వాళ్ళ కుర్రాళ్ళు మాకు వస్తారు. జట్టు పేరు ఇక్కడే ఉంటుంది, బనీను ఇక్కడే ఉంటుంది, కప్పు గెలిచిన మనుషులు మాత్రం ఉండరు. కూపర్, పలాట్, కోరీ అందరూ మంచు దేశానికి. నా పక్క సీటావిడ ఈ మాట విన్నాక ఆఫీసులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేవీ ఊరమ్మా ఇది, మాకు అలవాటే, ఓడ వస్తుంది, వెళ్తుంది" అని మళ్ళీ లెక్కల్లో పడింది.

నువ్వు ఎప్పుడూ అడుగుతావు, నీ ఉద్యోగం పర్మనెంటేనా అని. నేను ఎప్పుడూ మాట మారుస్తాను. ఇన్ని రూళ్ళు రాశాక దాన్ని దాచడం బావుండదు. నేనూ కాంట్రాక్టు మీదే ఉన్నానమ్మా. ఈ క్లయింటు దగ్గర పని డిసెంబరు దాకా. తర్వాత మా కంపెనీ ఇంకో ఊళ్ళో పని చూపిస్తే అక్కడికి, లేకపోతే కొన్నాళ్ళు బెంచి మీద. వీసా కాగితం మీద ఒక తేదీ ఉంది, దాని తర్వాత తేదీ ఇంకొకళ్ళ చేతిలో ఉంది. భయపడాల్సిందేమీ లేదు, ఇక్కడ నాలాంటివాళ్ళు లెక్కలేనంతమంది. ఒక్కోసారి రాత్రి ఆట చూసి వస్తూ, నేను బాగా పనిచేస్తున్నానా అన్నది ఒక ప్రశ్న, పైన ఖాళీ ఉందా అన్నది ఇంకో ప్రశ్న అని అనుకుంటాను. మొదటిదానికి జవాబు నా దగ్గరుంది. రెండోదాని గురించి రమక్కకి చెప్పకు, నాకు ఉద్యోగం పోయిందని పాలకొల్లంతా చాటిస్తుంది.

మిగతా ప్రశ్నలకి జవాబులు. తుపాకులు: నేను చూడలేదు. తుఫాను: ఇక్కడా వస్తుంది, 96 తుఫాను చూసినదాన్ని, నాకేం కాదు. గుడి: చెసాపీక్‌లో ఉంది, కారులో వెళ్తాను, పులిహోర బావుంటుంది, నీదంత కాదు. కారు: నెమ్మదిగానే. తలకి నూనె: రాస్తున్నాను, దిండు సాక్షి. గోరింటాకు: పొడి తెచ్చుకుని పెట్టుకున్నాను, నారింజ రంగు దాటలేదు. మన పెరట్లో చెట్టు కొట్టించేస్తారని చిన్నాన్న అన్నాడు, కొట్టనివ్వకు. భీమవరం అబ్బాయి: ఫోటో రమక్క మెయిల్లో పంపింది, ఇంకా తెరవలేదు.

ఇట్లు,
నీ శారద

తా.క. నాన్నగారూ, ఇది మీకు. కోరీ ఒక్క రాత్రిలో ఎన్నోసార్లు షుగరు చూసుకుంటాడు. మీరు చివరిసారి చూపించుకున్నది సంక్రాంతికి ముందు. డాక్టరుగారి దగ్గరికెళ్ళి మూడు నెలల సగటు పరీక్ష చేయించుకుని, ఆ కాగితం రమక్క చేత స్కాన్ చేయించి పంపండి. అది అందిన రోజునే భీమవరం ఫోటో తెరుస్తాను. అంకె ఏడు దాటితే తెరవను.